రాని ఆటకు కోచ్‌గా

కొత్తగా ఆశ్రమ పాఠశాలల్లో చేరుతున్న పీఈటీలు తమకిచ్చిన విజిల్ ఆటల కోసమే అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. ముప్పై ఏళ్ళ సర్వీసులో నా విజిల్ ఎక్కువగా మోగింది అన్నం లైన్ దగ్గర. ఆ తర్వాత స్నానాల దగ్గర, ఆ తర్వాత హాస్టల్లోకి పాము వచ్చినప్పుడు. ఇవన్నీ అయ్యాక పొద్దు మిగిలితే ఆటలు.

నా మొదటి పోస్టింగు ఏన్కూరు వైపు. తర్వాత బదిలీ మీద బదిలీ అయి అడవి అంచుకు చేరాను, పర్ణశాలకు బస్సులు పోయే దారిలో ఒక పాఠశాలకు. అక్కడే రిటైరయ్యాను. ఎప్పుడు ఏ గ్రేడు వచ్చింది, ఏ కమిటీలో ఉన్నాను అన్నవి రాయను. వాటితో మీకు పని లేదు, నిజానికి నాకూ లేకపోయింది. ఒక్క ప్రయాణం గురించి మాత్రం రాస్తాను. ఉద్యోగం గురించి నాకు తెలిసినదాంట్లో సగం ఆ ప్రయాణంలోనే తెలిసింది. అప్పటికి నా సర్వీసు చివరికొచ్చేసింది. అంత ఆలస్యం మీకు కాకూడదని రాస్తున్నాను.

రెండో పేజీ

మా హెడ్మాస్టరు వెంకటనర్సయ్య గారు చాలా మంచి మనిషి. లోకంలో ఎముకలు విరగడానికి ఆటలే కారణమని ఆయన గట్టి నమ్మకం. దాంతో ఆటల కాగితాలంటే భయం. భయంతో వాటిని చదవరు, సంతకం చేసి పంపేస్తారు. మా ఇద్దరికీ సౌకర్యంగానే ఉండేది.

ఒక ఫిబ్రవరిలో క్రీడల ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. సీజన్ ముగింపు జాతీయ పోటీలు, మహిళల క్రాస్ కంట్రీ, మూడు రోజులు మూడు దశలు. రాష్ట్రం తరఫున వెళ్ళాల్సిన ఒకమ్మాయి తప్పుకుంది, ఆ ఖాళీలో మా జోగమ్మ పేరు పంపేశామని రాశారు. జోగమ్మ మా బడిలోనే చదివి, అప్పటికి భద్రాచలంలో డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉంది. సాధన మాత్రం ఇంకా మా బడి పేరు మీదే, నా దగ్గరే. గుట్టల మీద పరుగులో జిల్లాలో ఆమెకు సాటి లేదు. హెడ్మాస్టరు సంతకం పెట్టారు. నేను సంతోషంతో కాగితం జేబులో పెట్టుకుని, ఇంటికి పోయే బస్సులో రెండో పేజీ తిప్పాను.

అక్కడ క్రాస్ కంట్రీ పక్కన ఇంకో మాట ఉంది. స్కీయింగ్.

మంచు మీద. కాళ్ళకు స్కీలనే పొడుగాటి, సన్నటి పట్టీలు కట్టుకుని, చేతుల్లో కర్రలతో తోసుకుంటూ పోయే ఆట. ఖమ్మం జిల్లాలో మంచు నేను సోడా బండి మీదే చూశాను.

వెంటనే ఆఫీసుకు ఫోన్ చేశాను. అక్కడి అధికారి గొంతు తగ్గించి మాట్లాడాడు. "పొరపాటైంది సార్. కానీ పేరు పోయింది. ఇప్పుడు తీసేస్తే ఎవలు పంపిన్రు, ఎందుకు పంపిన్రు అంటరు. పది రోజులు ముందుగాల ట్రైనింగ్ గూడ ఇస్తరట. మీరు పీఈటీనే గద, మీకు రాదా ఏంది?"

అప్పుడు "రాదు" అంటే సరిపోయేది. "వస్తది సార్" అన్నాను.

ఎందుకన్నానో దాచను. నేను హిమాలయాలు చూడలేదు. పైగా ఇన్నేళ్ళలో నాకేదైనా వచ్చా అని పై అధికారి అడగడం అదే మొదటిసారి.

వెదురు కర్రలు

జోగమ్మ వాళ్ళ గూడెం అడవిలోకి నాలుగు కిలోమీటర్లు. వాళ్ళ నాయిన ముత్తయ్య ఇంటి ముందు వెదురు చీలుస్తూ కూర్చున్నాడు. ఇంట్లో వాళ్ళు కోయ మాట్లాడుకుంటారు, నాతో తెలుగు. నేను ఫోన్లో వీడియో పెట్టి చూపించాను. ముత్తయ్య చాలాసేపు చూశాడు. వీడియో అయిపోయాక మళ్ళీ పెట్టమన్నాడు.

"గీ ఆట మీకు వస్తదా సార్?"

"వస్తది."

"అయితే సరే. తీస్కపోన్రి."

అంతే. మళ్ళీ వెదురు చీలుస్తూ కూర్చున్నాడు.

నెల రోజులు సాధన చేయించాను. పట్టీలు లేవు కాబట్టి ముత్తయ్య చెక్కిన రెండు వెదురు కర్రలతో గుట్ట రోడ్డు మీద నడక, పరుగు. ఆ రోడ్డు మీద పర్ణశాలకు యాత్రికుల ఆటోలు పోతుంటాయి. ఒక రోజు ఒక ఆటో ఆగింది. ఒక పెద్దావిడ దిగి, చెమటతో కర్రలు ఊతంగా ఎక్కుతున్న జోగమ్మ కాళ్ళకు దండం పెట్టింది.

"ఏం మొక్కుకున్నవ్ బిడ్డా, గింత కష్టపడి నడుస్తున్నవ్?"

జోగమ్మ నా వైపు చూసింది. "మా సారు మొక్కుకున్నడు అవ్వా. నన్ను నడిపిస్తున్నడు."

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసి, కొబ్బరి చిప్ప జోగమ్మ చేతిలో పెట్టి ఆటో ఎక్కింది. నాకు ముక్క కూడా ఇవ్వలేదు.

తెలుగు రాని చోట

ఖమ్మంలో రైలెక్కి, ఢిల్లీలో దిగి, అక్కడి నుంచి బస్సులో కొండలెక్కి పోటీలు జరిగే ఊరు చేరేసరికి మూడో రోజు. శిబిరంలో శిక్షణ ఇచ్చేది డోల్మా మేడం. పూర్వం తనూ ఈ ఆటలో పోటీలకు దిగిన మనిషి. నాతో హిందీలో మాట్లాడేది. మన ఖమ్మం ఉర్దూ అక్కడ బాగానే పనికొచ్చింది.

మొదటి రెండు రోజులు జోగమ్మ పడటమే తప్ప నిలబడింది లేదు. ముందుకు పడింది, వెనక్కు పడింది, ఒకసారి కదలకుండా నిలబడి ఉండగానే పడింది. నేను గట్టు మీద నిలబడి మెడలో విజిల్, చేతిలో అట్టతో "మోకాలు వంచు! నడుము ముందుకు! చూపు దూరం పెట్టు!" అని అరిచేవాణ్ణి. ఆ అరుపులు అక్కడ ఒక్కరికీ అర్థం కావు. దాంతో మిగతా జట్ల వాళ్ళు నన్ను ఏదో పెద్ద కోచ్ అనుకుని నమస్కారాలు పెట్టేవారు. అక్కడ ఎవరికీ తెలుగు రాకపోవడం నా అదృష్టం.

డోల్మా మేడం మాత్రం మూడో రోజు నా పక్కకు వచ్చి నిలబడింది. "మాస్టర్‌జీ, ఇవి మీరెప్పుడైనా వేసుకున్నారా?"

"మోకాళ్ళ నొప్పి మేడం. ఇప్పుడు మానేశాను."

మానేశాను అన్న మాటలో ఎంత గొప్ప చరిత్ర ఉందో చూడండి. ఆమె తలూపి వెళ్ళిపోయింది.

జోగమ్మ మాత్రం మొండిది. నాలుగో రోజు నిలబడింది. ఆరో రోజుకు పడకుండా ముందుకు జారింది. పదో రోజుకు ఎక్కుడు దారిలో కాళ్ళు వెడల్పు చేసి, ఒక్కో పట్టీ వాలుగా వేస్తూ చకచకా ఎక్కుతుంటే డోల్మా మేడం ఆగి చూసింది. "ఈ పిల్ల ఊపిరి కొండపిల్ల ఊపిరి" అంది. దిగుడులో మాత్రం దేవుడి మీద భారం వేసి కళ్ళు మూసుకునేది. నేను చెప్పింది కాదు, తనంతట తాను కనిపెట్టిన పద్ధతి.

రెండో రోజు పొద్దున

పోటీ లెక్క ఇది. మొదటి రోజు పొట్టి పందెం, రెండో రోజు పొడుగు పందెం, మూడో రోజు కొండ ఎక్కుడు. మూడు రోజుల సమయాలూ కలిపితే ఫలితం. ఏ రోజైనా పెట్టిన గడువులోపు రాకపోతే మర్నాడు నిలబడనివ్వరు. ఎలాగైనా మూడో రోజు దాకా చేరాలి, కొండ మీద తానేంటో చూపించాలి అన్నది జోగమ్మ పట్టుదల.

మొదటి రోజు మలుపులో ఒకసారి పడి లేచి, అందరికన్నా చివర వచ్చింది. గడువులోపే వచ్చింది. అసలు దెబ్బ రెండో రోజు తగిలింది, అదీ నా చేతుల మీదుగా.

ఈ ఆటలో పట్టీల అడుగున, పాదం కింద వచ్చే చోట ఒక రకం మైనం పూయాలి. ఎక్కేటప్పుడు అది మంచును పట్టుకుంటుంది, వెనక్కు జారనివ్వదు. చలిని బట్టి మైనం మారుతుంది. ఎండకు కరిగిన తడి మంచుకు జిగురుది, చలికి గట్టిపడ్డ కొత్త మంచుకు గట్టిది. రోజూ బయటికి వచ్చి మంచు ముట్టుకుని చూసి అప్పుడు పూయమని డోల్మా మేడం పదిసార్లు చెప్పింది. మొదటి రోజు ఎండ బాగా కాసింది. పక్క జట్టు వాళ్ళు జిగురు మైనం పూయడం నేను చూసి పెట్టుకున్నాను. రెండో రోజు తెల్లారగానే గదిలో కూర్చుని, కిటికీ తెర కూడా తీయకుండా అదే మైనం చక్కగా, మందంగా పూశాను.

జోగమ్మ వచ్చి పట్టీలు తిప్పి చూసింది. "సార్, ఒక్కసారి మేడంను అడుగుదమా?"

"ఎందుకమ్మా? నాకు తెలుసు గదా."

బయటికి వస్తే లోకమంతా తెల్లగా ఉంది. తెల్లారేలోపు కొత్త మంచు కురిసింది. చలికి గడ్డం బిగుసుకుపోతోంది. అప్పుడు కూడా నాకు ఏమీ తట్టలేదు. ఎంత అందంగా ఉందో అనుకున్నాను.

పందెం మొదలైన కాసేపటికి నా ముందు నుంచి పోవాల్సిన జోగమ్మ రాలేదు. అందరూ పోయారు. చివరికి నడుస్తున్నట్టుగా, ఒక్కో కాలు ఈడ్చుకుంటూ వచ్చింది. పట్టీల కింద జానెడు మందాన మంచు ముద్దలు అతుక్కుని ఉన్నాయి. జిగురు మైనానికి పొడి మంచు అంటుకుని గడ్డకట్టింది.

"సార్! చెప్పులకు రేగడి పట్టినట్టు పట్టింది సార్! మిర్చి తోటల్ల గిట్లనే అయితుండె!"

చిన్నప్పుడు ఆమె వాళ్ళమ్మతో మా ముదిగొండ వైపు మిర్చి ఏరడానికి వచ్చేది. వాన పడ్డ నల్లరేగడిలో నడిస్తే చెప్పుల కింద ఇంకో చెప్పు తయారవుతుంది. ఆ చేలల్లో పుట్టి పెరిగినవాణ్ణి నేను. నాకు గుర్తురాలేదు, ఆమెకు వచ్చింది.

నేను పరుగెత్తి పట్టీలు పట్టుకోబోయాను. పక్కనున్న అధికారి చెయ్యి అడ్డం పెట్టాడు. పోటీదారు తన పట్టీలు తానే గీక్కోవచ్చు, ఇంకొకరు ముట్టుకుంటే పోటీ నుంచి తీసేస్తారు. చేతులు వెనక్కు కట్టుకుని నిలబడ్డాను. జోగమ్మ పట్టీలు విప్పింది, మంచులో కూర్చుంది, జేబులు తడుముకుంది. ఆర్టీసీ బస్ పాస్ దొరికింది. దాంతో మైనమంతా గీకేసింది. మైనం పోయాక పట్టీలు నున్నగా అయ్యాయి, ఎక్కుడులో వెనక్కి జారిపోతున్నాయి. మిగిలిన దూరమంతా భుజాల బలంతో కర్రలు పొడుచుకుంటూ పోయింది.

గడువు ముగుస్తుందనగా వచ్చింది. గీత దాటి పడిపోయింది. డోల్మా మేడం గ్లవ్స్ తీస్తే రెండు అరచేతులూ బొబ్బలెక్కి ఉన్నాయి. మేడం పట్టీ తిప్పి వేలితో రాసి చూసి, నా వైపు చూసింది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

టీ కొట్టు దగ్గర

సాయంత్రం టీ తాగుతూ ఎదురెదురుగా కూర్చున్నాం. జోగమ్మ రెండు చేతులకూ గుడ్డలు కట్టి ఉన్నాయి, గ్లాసు రెండు చేతుల మధ్య పెట్టుకుని తాగుతోంది.

"జోగమ్మా, నాకీ ఆట రాదు" అన్నాను. "ఒక్కనాడు కూడా ఆడలేదు. నీకు చెప్పినవన్నీ ఫోన్లో చూసి చెప్పినవే."

ఫర్వాలేదు సార్ అంటుందని అనుకున్నాను. మన పిల్లలు అలా అంటారు, మనం దానికి అలవాటు పడతాం. ఆమె అనలేదు. గ్లాసు కింద పెట్టింది.

"మరి మా నాయినకు వస్తదని ఎందుకు చెప్పిన్రు?"

నేను గ్లాసు అడుగున మిగిలిన టీ పారబోశాను.

"మీకు రాదని చెప్పినా నాయిన పంపుతుండె సార్. నాకు పోవాలనుంది, పంపకపోతుండెనా? మీరు రాదని ఒక్క మాట అంటే పొద్దుగాల నేనే ఉరికి మేడంను అడుగుతుంటి. మీకు తెల్సు గదా అని ఊకున్న."

ముప్పై ఏళ్ళలో నాకు మెమోలు వచ్చాయి, బదిలీలు వచ్చాయి, ఒక కలెక్టరు నన్ను మైదానం మధ్యలో నిలబెట్టి తిట్టాడు. వాటిలో ఏదీ ఇంత సూటిగా తగల్లేదు. తప్పు మైనం పూయడంలో కాదు. మైనం తప్పుగా పూసినవాళ్ళు ఆ కొండ మీద నాలాంటి వాళ్ళు ఇంకా ఉండే ఉంటారు. తెలిసినట్టు నటించి, ఆ పిల్ల అడగబోయిన ప్రశ్నను నేను మింగేశాను. పందెం పోతే పోయేది ఒక పతకం. ఈ ఆటలో కొండ మీది నుంచి జారితే కాలో చెయ్యో పోతుంది.

"నాయినకు ఫోన్ చేసి చెప్పున్రి" అంది.

వాళ్ళ గూడెంలో ఒక రాయి మీద నిలబడితేనే సిగ్నల్ వస్తుంది. పక్కింటివాళ్ళకు చేసి పిలిపించాను. రాయెక్కిన ముత్తయ్యకు ఉన్నదున్నట్టు చెప్పాను.

"పిల్ల అన్నం తింటుందా సార్?"

"తింటోంది."

"అయితే మంచిగనే ఉంది. మీకు రాకపోతే ఎవలకొస్తదో ఆల్ల పక్కన నిలబెట్టున్రి." ఫోన్ పెట్టేశాడు. ఈ మాట ఏ ట్రైనింగులోనూ నాకెవరూ చెప్పలేదు.

జోగమ్మ టీ పూర్తిచేసి లేచింది. "రేపు మైనం సంగతి మేడం చూస్కుంటది. మీరు గుట్ట నడుమ నిలబడున్రి. నా ముందటోళ్ళు ఎంత దూరమున్నరో, ఎవలు అలిసిపోయిన్రో చెప్పున్రి. అది మీకు వస్తది."

కొండ ఎక్కుడు

మూడో రోజు ముందున్నవాళ్ళు ముందు బయల్దేరుతారు, ఎంత సమయం తేడా ఉంటే అంత తేడాతో. బాగా వెనకబడ్డవాళ్ళను ఒక గుంపుగా వదులుతారు. జోగమ్మ ఆ గుంపులో ఉంది. పొద్దున్నే మేడంకు నేను కూడా నిజం చెప్పాను. "మోకాళ్ళ నొప్పి కూడా అబద్ధమేనా?" అంది. "లేదు మేడం, అదొక్కటి నిజం" అన్నాను. మొదటిసారి నవ్వింది. తానే మంచు పిడికిట్లోకి తీసుకుని పిసికి చూసి, మైనం ఎంచి, ఎలా పూయాలో జోగమ్మకు చూపించి పూయించింది.

నేను మోకాళ్ళ లోతు మంచులో సగం కొండ ఎక్కి నిలబడ్డాను. గుంపు పైకి వస్తోంది. జోగమ్మ చివర ఉంది. ఇక్కడ నాకు తెలిసిన పని దొరికింది. అలసిన మనిషిని గుర్తుపట్టడానికి మంచైనా మట్టైనా ఒకటే. ముందు భుజాలు చెవుల దగ్గరికి లేస్తాయి, తర్వాత తల ఊగుతుంది, ఆ తర్వాత వెనక్కి తిరిగి చూస్తారు.

"జోగమ్మా! నీ ముందున్న ఎర్ర టోపీ పని అయిపోయింది! ఎడమ పక్క నుంచి పో!"

పోయింది.

"ఆ పైన ఇద్దరు! నీలం జాకెట్ తల ఊపుతోంది, పది అడుగులు ఆగు... ఇప్పుడు!"

నేనేమంటున్నానో నీలం జాకెట్‌కు తెలియదు. పాపం, తనను ప్రోత్సహిస్తున్నానని అనుకుందేమో, నా వైపు చూసి చెయ్యి కూడా ఊపింది. జోగమ్మ ఆమెను దాటింది. ముందే బయల్దేరినవాళ్ళ తోకను అందుకుంది. బొబ్బల చేతులతో కర్ర పొడిచిన ప్రతిసారీ ఆమె మూతి బిగుసుకోవడం కనపడుతోంది. నన్ను దాటేటప్పుడు "ఇంకెందరు సార్?" అంది.

"నీ ముందు పచ్చ చొక్కా. వెనక్కి రెండుసార్లు చూసింది!"

ఆ పచ్చ చొక్కాను కొండ కొన మీద దాటింది. గొంతు పోయి అరవలేక విజిల్ ఊదాను. ఆ విజిల్ ఆట కోసం మోగిన అరుదైన రోజుల్లో అదొకటి.

మొత్తం లెక్కలో జోగమ్మ చివరి నుంచి నాలుగోది. ఆ రోజు కొండ ఎక్కిన వేగం ఒక్కటే చూస్తే ఆమె కన్నా ముందు ఎనిమిది మందే ఉన్నారని డోల్మా మేడం కాగితం తెచ్చి చూపించింది. జోగమ్మ ఆ కాగితం రెండుసార్లు చదివి, మడిచి, బస్ పాస్ కవరులో పెట్టుకుంది. అప్పుడు ఏడ్చింది. నేను కొండల వైపు చూస్తూ నిలబడ్డాను.

రిపోర్టు

తిరిగి వచ్చేసరికి హెడ్మాస్టరు గారు గేటుకు ఫ్లెక్సీ కట్టించారు. దాని మీద స్కేటింగ్ అని రాసి ఉంది. ఎముకలు విరగనందుకు ఆయన సంతోషం అంతా ఇంతా కాదు. జోగమ్మ రెండు చేతులూ తిప్పి తిప్పి చూసి తృప్తి పడ్డారు.

క్రీడల ఆఫీసుకు రిపోర్టు ఇవ్వాలి. అందులో కోచ్‌కు ఈ క్రీడలో అనుభవం అని ఒక గడి ఉంటుంది. "లేదు" అని రాశాను. అధికారి కళ్ళజోడు తీశాడు.

"గిట్ల రాస్తే ఎట్ల సార్? అనుభవం లేనోన్ని ఎందుకు పంపిన్రని నన్నడుగుతరు."

"అడగాలనే రాశాను సార్. వచ్చే ఏడు జోగమ్మను డోల్మా మేడం శిబిరానికి పంపండి. సీజన్ మొదట్లోనే. కోచ్ మేడమే."

గంటసేపు వాదించాడు. గడి కొట్టేయమన్నాడు, నేను కొట్టేయలేదు. నేను సర్వీసు చివరికొచ్చిన ఉద్యోగిని, నన్ను ఏం చేయగలడు? ఈ ధైర్యం మొదటి ఏడాదే ఉంటే నా సర్వీసు ఇంకోలా ఉండేది. మీకు ఉండాలని కోరుకుంటున్నాను.

ఆయన చెడ్డవాడేం కాదు, పంపించాడు. మరుసటి చలికాలం ఖమ్మం స్టేషన్లో జోగమ్మను రైలెక్కించడానికి ముత్తయ్యా నేనూ వెళ్ళాం. ముత్తయ్య ఇప్పపూలు వేయించి, గుడ్డలో మూటకట్టి ఇచ్చాడు. రైలు కదులుతుంటే జోగమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి అరిచింది.

"సార్, మీరు రారా?"

"నాకు రాదు గదమ్మా!" అన్నాను.

పక్కన ముత్తయ్య పకపకా నవ్వాడు. కిటికీలో జోగమ్మా నవ్వింది. ఆ మాట అంత హాయిగా, ప్లాట్‌ఫాం అంతా వినపడేలా అనడం నా ఉద్యోగంలో అదే మొదటిసారి.